కర్నూలు నుంచి కడపకు - ఒక నిప్పురవ్వ కోసం

దారి పక్కన ఆగిపోయిన కారును చూస్తే వచ్చేపోయే వాళ్ళకి రెండే సందేహాలు కలుగుతాయి. పెట్రోలు అయిపోయిందా? లేక భార్యాభర్తలు పోట్లాడుకున్నారా? మొన్న చైత్రమాసంలో కర్నూలు నుంచి కడపకు వెళుతూ మేము రెండు చోట్ల ఆగాము. మొదటి చోట రెండు సందేహాలకీ ఆస్కారం లేదు. రెండో చోటికి వచ్చేసరికి మాత్రం, పెట్రోలు నిండుగానే వున్నా, ఆ రెండో కారణం కొద్దికొద్దిగా తయారవుతూ వుంది.

ముందు కారు సంగతి చెప్పాలి. మాది 1961 నాటి అంబాసిడరు, మార్కు వన్. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారును అచ్చుగా తీసుకుని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు 1957లో మొదలుపెట్టిన బండి ఇది. 2014లో ఆ తయారీ ఆగిపోయింది. మా నాన్నగారు దీన్ని 1976లో ఒక కంట్రాక్టరు దగ్గర సెకండుహ్యాండులో కొన్నారు. ఆయన కె.సి. కాలువ మీద ఓవర్సీరు. జీపు ఎక్కే అధికారం పై వాళ్ళది, సైకిలు తొక్కే ఓపిక కింది వాళ్ళది, ఈ రెంటికీ మధ్య వున్న తనకి ఈ కారే గతి అనేవారు. ఆ రోజుల్లో మా వీధి పిల్లలందరికీ మొదటి కారు సవారీ అందులోనే.

తరువాత అది ఇరవై ఏళ్ళకు పైగా రేకుల షెడ్డులో పడివుంది. రెండేళ్ళ క్రితం నేను రిటైరయి, చేతికి వచ్చిన డబ్బులో కొంత దీని మీద పెట్టాను. తుప్పు గీకించి, రంగు వేయించి, సీట్లు కుట్టించి, ఇంజను విప్పి బిగించి, పెళ్ళికూతురిలా తయారు చేయించాను. యాభై ఏళ్ళు దాటిన బండ్లను వింటేజి బండ్లుగా నమోదు చేసే నిబంధనలు కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చింది. అయితే అలా నమోదయితే ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప మామూలు వాడకానికి రోడ్డెక్కించరాదు. అందుకని మేము పాత రిజిస్ట్రేషన్నే పొడిగించుకుంటూ వస్తున్నాము.

బాగుచేసే రోజుల్లో షెడ్డు మేస్త్రీకి నేనొక్కటే చెప్పాను: "పాతది ఏదీ వుండకూడదు. మార్చగలిగిందల్లా మార్చెయ్యి." నాన్నగారు ఒక్కటే అడిగారు: "తీసేసిన సామాను పారేయకండిరా, నాకివ్వండి." ఆయనకి ఎనభై నాలుగేళ్ళు. నీటికాసుల జబ్బుతో చూపు బాగా మందగించింది. వెలుతురు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, అక్షరం తెలియదు. ఒకసారి బానెట్టు ఎత్తి చెయ్యి పెట్టబోతే ఫ్యాను తగులుతుందేమోనని నేను కసిరాను. "నాన్నా, మీరు దూరంగా వుండండి" అన్నాను. ఆయన మారుమాట లేకుండా దూరంగానే వున్నారు. అప్పటినుంచీ కారు గురించి నాతో మాట్లాడలేదు. ఆ సంగతి నేను గమనించలేదు. గమనించానని మా ఆవిడ దగ్గర మాత్రం చెప్పుకున్నాను.

ఇక ప్రయాణం ఎందుకంటే, కడపలో మా చెల్లెలి కూతురి పెళ్ళి. 1989లో మా చెల్లెలి పెళ్ళికి పెళ్ళికొడుకుని ఎదురుకోలు చేసి తెచ్చింది ఈ కారులోనే. "నీ కూతురి పెళ్ళికి కూడా ఇదే వస్తుందమ్మా" అని నాన్నగారు ఎప్పుడో మాటిచ్చారట. మాట ఆయనది, కారు నడపవలసిన పని నాది. సాయంత్రం ఆరున్నరకి ఎదురుకోలు. కర్నూలు నుంచి కడప దాదాపు రెండు వందల కిలోమీటర్లు. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరితే ఎండ ముదరకముందే చేరిపోతామని లెక్క వేశాను. ఆడపిల్లకి పెట్టే సారె, అప్పడాల డబ్బాలు, పట్టుచీరెల పెట్టె, మరిచిపోయిన తాళంచెవి కోసం వెనక్కి వెళ్ళి రావడం - ఇవన్నీ లెక్కలో లేవు. తొమ్మిదిన్నరకి కదిలాము.

కారులో నలుగురం. నేను, మా ఆవిడ, ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి, ముందు సీట్లో నాన్నగారు. కొండారెడ్డి బురుజు పక్కనుంచి వస్తుంటే నాన్నగారు మా అమ్మాయికి కబుర్లు మొదలుపెట్టారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన నాటికి ఆయనకి పన్నెండేళ్ళు. కచేరీలకు ఇళ్ళు చాలక డేరాలు వేశారు. గాలివాన వస్తే గుమాస్తాలు ఒక చేత్తో కాగితాలూ, ఒక చేత్తో డేరా తాళ్ళూ పట్టుకునేవారని చెప్పి నవ్వారు. 1956లో రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. డేరాలు కూడా వెళ్ళిపోయాయి.

వూరు దాటితే నేల మారిపోతుంది. ఓర్వకల్లు దగ్గర రోడ్డు పక్కనే బండలు ఒకదాని మీద ఒకటి, ఎవరో ఆడుకుని వదిలేసినట్టు నిలబడి వుంటాయి. వాటి మధ్య నీటి కుంట. ఇప్పుడు అక్కడ రాతివనం పేరుతో విహారస్థలం చేశారు. ఆ దాపులనే 2021లో ప్రారంభమైన విమానాశ్రయం వుంది. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఈ సీమలో కంపెనీ ప్రభుత్వం మీద తిరగబడి 1847లో కోయిలకుంట్లలో ఉరికొయ్య ఎక్కినవాడు ఆయన. మా అమ్మాయి ఫోనుతో బండల బొమ్మలు తీస్తూండగానే కారు రెండుసార్లు దగ్గినట్టు కుదిపి, ఆగిపోయింది. టైము పదింబావు.

సెల్ఫు కొడితే ఇంజను చక్కగా తిరుగుతోంది. అంటే బ్యాటరీ బాగుంది. కాని అంటుకోవడం లేదు. పెట్రోలు వాసన గుప్పుమంటోంది. అంటే పెట్రోలు వస్తోంది. నాకు తెలిసిన విద్య అంతటితో సరి. అరగంటలో ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద వచ్చి ఆగాడు. అదృష్టవశాత్తూ మెకానిక్కే. "ఏమైనాది సార్? పాతబండి మాదిరి లేదే, కొత్త పెండ్లికొడుకు మాదిరి వుండాది" అని ముచ్చటపడి బానెట్టు ఎత్తాడు. ఒక ప్లగ్గు వైరు వూడదీసి, కొసను ఇంజను దిమ్మెకు పావంగుళం దూరంలో పట్టుకుని నన్ను సెల్ఫు కొట్టమన్నాడు. నిప్పురవ్వ రాలేదు. డిస్ట్రిబ్యూటరు నడిమధ్యకు కాయిలు నుంచి వచ్చే లావుపాటి వైరు తీసి అలాగే పట్టుకున్నాడు. అక్కడా రాలేదు.

"కరెంటు పుట్టే కాడే పుట్టడంలే సార్" అన్నాడు. లోపల అన్నీ పరికించి, "అన్నీ కొత్తవే ఏసినారు. ఈ కాయిలొక్కటే పాతది. ఇదే పోయింటాది" అని తేల్చాడు. నాకూ న్యాయంగానే తోచింది. ఇంట్లో దొంగతనం జరిగితే ముందు పాత పనివాణ్ణే కదా అనుమానిస్తాము! మేస్త్రీకి ఆ సైజు కాయిలు దొరకక పాతదే వుంచిన సంగతి నాకు జ్ఞాపకముంది.

నాన్నగారు కారు దిగకుండానే అన్నారు: "ఒరేయ్, కాయిలుకి కరెంటు వస్తోందో లేదో, వచ్చింది తెగుతోందో లేదో చూశారా?"

"చూశాడు నాన్నా" అన్నాను. అతడు చూడలేదు. నాకు ఎండగా వుంది.

కుర్రవాడు మంచివాడు. నన్ను వెనక ఎక్కించుకుని కర్నూలు తీసుకుపోయి, కాయిలు కొనిపించి, మళ్ళీ తీసుకువచ్చి, బిగించాడు. పన్నెండున్నరకి తాళం తిప్పి సెల్ఫు కొట్టగానే కారు ఒక్క కూతతో లేచింది! అందరం చప్పట్లు కొట్టినంత పని చేశాము. అతడికి అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చాను. నాన్నగారు మాత్రం "రెండుగంటలు పైగా ఆగాక లేచింది" అన్నారు. అది విసుగనుకున్నాను. అది రోగనిర్ణయమని అప్పుడు నాకు తెలియలేదు.

పాణ్యం దగ్గరకి వచ్చేసరికి అందరి మనస్సులూ కుదుటపడ్డాయి. ఆ చుట్టుపట్ల కొండల్లోని గట్టి పలుగురాతి పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పాణ్యం పేరే పెట్టారు. అక్కడినుంచి ఒక దారి బనగానపల్లెకు పోతుంది. ఆ వూరి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. "ఇంకో నెలయితే పండ్లు తెచ్చుకునేవాళ్ళం" అని మా ఆవిడ నిట్టూర్చింది. పాణ్యం దాటితే రాళ్ళనేల పోయి నల్లరేగడి వస్తుంది. పడమట ఎర్రమల కొండలు, తూర్పున నల్లమల, నడుమ కుందూ నది - అదీ నంద్యాల సీమ. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల వేరే జిల్లా అయింది. ఈ సీమలో తొమ్మిది నందులున్నాయి. వాటిలో మహానంది కోనేటి నీళ్ళు ఎండాకాలంలో కూడా అడుగున పడిన కాసు కనిపించేటంత తేటగా వుంటాయి. ఆ కోనేటిని తలుచుకుంటూ నంద్యాల పొలిమేరలో చెట్టు కింద పులిహోర తిన్నాము. మళ్ళీ బయలుదేరాము. సిరివెళ్ళ ఇంకా చేరామో లేదో, అవే రెండు కుదుపులు. అదే నిశ్శబ్దం.

రెండుంబావు. రోడ్డు మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. పక్కన ఒక్క వేపచెట్టు. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడంలో కూడా ఎన్ని రకాలున్నాయో పెళ్ళయినవారికి తెలుసు. చెల్లెలు ఫోను చేసి "ఎక్కడున్నారన్నయ్యా?" అంది. "దగ్గర్లోనే" అన్నాను. కడప ఇంకా వంద కిలోమీటర్లకు పైమాట. టాక్సీ పిలిచి మనుషులం వెళ్ళిపోదామని చెప్పాను. కారు తరువాత ఎలాగో చేరుతుంది. నాన్నగారు తల అడ్డంగా వూపారు. "నేను మాటిచ్చింది మనుషుల సంగతి కాదురా, కారు సంగతి" అన్నారు. ఆ గొంతు విన్నాక నేను ఇంకేం మాట్లాడలేకపోయాను. రెండేళ్ళ తరువాత ఆయన నాతో కారు గురించి అన్న మొదటి మాటలు ఆ రోజువే.

ఆయన చెట్టు నీడలో నిలబడి మా అమ్మాయిని పిలిచారు. "తల్లీ, చూపు నీది, బుద్ధి ఇద్దరిదీ. వెనక దీపం బల్బు ఒకటి తియ్యి. దానికి రెండు వైరు ముక్కలు కట్టు." రెండు నిమిషాల్లో పరీక్ష దీపం తయారయింది.

పని మొదలుపెట్టేముందు ఆయన దానికి చెప్పిన పాఠం, పాఠకులకు కూడా పనికివస్తుందని రాస్తున్నాను. కారులో బ్యాటరీ పన్నెండు వోల్టులు. పెట్రోలును అంటించే నిప్పురవ్వ ప్లగ్గు సందున దూకాలంటే పదిహేను ఇరవై వేల వోల్టులు కావాలి. పన్నెండు ఎలా వేలవుతుంది?

"కాలువలో నీళ్ళు నిండుగా పోతున్నాయనుకో" అన్నారాయన. "తూము తలుపు మెల్లగా దించితే ఏమీ కాదు. టక్కున పడేస్తే వెనకనుంచి వచ్చే నీళ్ళు ఎగదన్నుతాయి. గొట్టంలో అయితే గొట్టమే అదురుతుంది. కాయిల్లో జరిగేది అదే. లావు తీగ చుట్లలో కరెంటు నిండుగా పారుతూ వుండగా పాయింట్లు టక్కున విడిపోతాయి. ఆ అదురు పక్కనే వున్న సన్నతీగ వేల చుట్లలో వేల వోల్టులవుతుంది. పాయింట్లే తూము తలుపు."

"మరి కండెన్సరు దేనికి తాతయ్యా?"

"తలుపు పడేటప్పుడు ఎగదన్నిన నీళ్ళు తలుపు మీదనుంచే పొర్లిపోతే అదురంతా వృథా. పక్కన చిన్న గుంట వుంటే ఆ పొంగు అందులోకి పోతుంది. తలుపు శుభ్రంగా మూసుకుంటుంది. ఆ గుంటే కండెన్సరు."

ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలు చిన్నవి కావు. విద్యుత్ ప్రేరణను ఫారడే 1831లో కనుగొన్నాడు. కాయిలుకు కండెన్సరు జత చేస్తే నిప్పురవ్వ బలపడుతుందని 1853లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫిజో చూపాడు. అమెరికాలో కెటరింగు అనే ఇంజనీరు ఈ పద్ధతిని కారుకు అమర్చాడు. 1910 మోడలు కాడిలాక్ కార్లతో అది రోడ్డెక్కింది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి మూడువేల చుట్లు తిరిగితే సెకండుకు నూరు నిప్పురవ్వలు పుట్టాలి. అంటే ఆ తూము తలుపు సెకండుకు నూరుసార్లు తెరిచి మూసుకోవాలి. పాయింట్ల మధ్య సందు ఒక అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో పదిహేను. ఒక విజిటింగు కార్డు మందానికి కొంచెం ఎక్కువ.

పరీక్ష మొదలయింది. నా పని సెల్ఫు కొట్టడం, అడిగినప్పుడు ఎదురుగా హ్యాండిలు తిప్పడం. తాళం తిప్పి వుంచాను. మా అమ్మాయి దీపం ఒక కొస ఇంజను దిమ్మెకు అదిమి, రెండో కొస కాయిలుకు కరెంటు వచ్చే మరకు తాకించింది.

"వెలిగిందా?"

"వెలిగింది తాతయ్యా."

"అయితే బ్యాటరీ, తాళం, అక్కడిదాకా వైరు - మూడూ మంచివే. ఇప్పుడు రెండో మరకు పెట్టు. అక్కడినుంచి కరెంటు పాయింట్లకు పోతుంది. ఒరేయ్, మెల్లగా హ్యాండిలు తిప్పు. పాయింట్లు విడినప్పుడు వెలగాలి, కలిసినప్పుడు ఆరాలి."

తిప్పాను. రెండు పూర్తి చుట్లు తిప్పాను. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"వెలగడం లేదు తాతయ్యా. అసలు వెలగడం లేదు."

నేను "అయితే కొత్త కాయిలు కూడా పోయినట్టే" అన్నాను. నాన్నగారు నా వైపు తిరగలేదు. "తల్లీ, ఆ రెండో మరకున్న వైరు వూడదీసి, మరకే దీపం పెట్టు" అన్నారు. దీపం వెలిగింది. "కాయిలు లోపల తెగలేదు. కరెంటు దాన్ని దాటి వస్తోంది. అంటే డిస్ట్రిబ్యూటరు లోపల ఎక్కడో, తలుపు మూసినా నీళ్ళు పోతున్నాయి. గండి పడింది."

వైరు మళ్ళీ తగిలించారు. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, తిరిగే రోటరు తీసి పక్కన పెట్టారు. నాన్నగారి వేళ్ళు లోపలికి వెళ్ళాయి. కళ్ళు ఎటో చూస్తున్నాయి, వేళ్ళు మాత్రం నలభై ఏళ్ళనాటి దారిలో నడుస్తున్నాయి. పాయింట్ల మధ్య మా అమ్మాయి నోటుపుస్తకం కాగితం ముక్క దూర్చారు. కాగితం అడ్డం వుంటే పాయింట్లు కలిసే ప్రసక్తే లేదు. అయినా దీపం వెలగలేదు.

"పాయింట్ల తప్పు కాదు. ఇక మిగిలింది ఒక్కటే. అక్కడ వేలి కొసంత రేకు గొట్టం వుంటుంది, ఒక్క మరతో బిగించి. దాని వైరు విప్పు."

ఆ చిన్న వైరు విప్పిందో లేదో, దీపం భగ్గున వెలిగింది.

మా అమ్మాయి ఎగిరి గంతేసింది. నాన్నగారు మెల్లగా అన్నారు: "కండెన్సరు. కొత్తదే కదురా?"

కొత్తదే. కారులో అందరికంటే కొత్తది. రెండు పలచని లోహపు రేకుల మధ్య కాగితంలాంటి పొర పెట్టి చుట్టచుట్టి గొట్టంలో పెట్టడమే కండెన్సరు. ఆ పొర నాసిరకందయితే చల్లగా వున్నంతసేపు ఓర్చుకుంటుంది. ఇంజను వేడి, పైన చైత్రపు ఎండ కలిసేసరికి దారి ఇచ్చేస్తుంది. చల్లబడితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు మంచిదయిపోతుంది. ఓర్వకల్లు దగ్గర కారు లేచింది కాయిలు మార్చినందుకు కాదు. మేము కాయిలు కోసం తిరిగివచ్చేలోగా కండెన్సరు చల్లబడినందుకు. నా డబ్బు కాయిలుకు పోయింది. ఘనత కూడా దానికే పోయింది. చేసిన పని ఏదో చేశాము, రోగం తగ్గింది, కనుక ఆ పనే మందు అనుకోవడం ఎంత తేలికో!

"కండెన్సరు ఇక్కడెక్కడ దొరుకుతుంది?" అని నేను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. నాన్నగారు వెనక సీటు కింద చూడమన్నారు. పాత గుడ్డలో చుట్టిన ఓవల్టీను డబ్బా. నేను పారేయమన్న సామానంతా అందులో వుంది: అరిగిన పాయింట్లు, నల్లబడిన రోటరు, మరలు, వాషర్లు, రెండు మురికి కండెన్సర్లు. మా ఆవిడ నా వైపు చూసింది. డబ్బా సీటు కింద చేరడంలో ఆమె పాత్ర వుందని నాకప్పుడు తెలిసింది.

"పాతదే మంచిదన్నమాట!" అన్నాను పశ్చాత్తాపంతో.

"తొందరపడకు. పాతదీ పరీక్ష కావలసిందే" అన్నారాయన. బ్యాటరీ నుంచి దీపానికి, దీపం నుంచి కండెన్సరు వైరుకి, దాని గొట్టాన్ని దిమ్మెకి ఆనించారు. మంచి కండెన్సరయితే బ్యాటరీ కరెంటును దాటనివ్వదు, దీపం వెలగకూడదు. మొదటి పాత కండెన్సరు పెట్టగానే దీపం వెలిగింది! అది మా కొత్తదానికంటే అధ్వాన్నం. దాన్ని చేలోకి విసిరేశాను. రెండోది పెట్టారు. వెలగలేదు. "ఇది సగం పరీక్షే. లోపల వైరు తెగినా వెలగదు. మిగతా సగం నిప్పురవ్వ చెబుతుంది."

బిగించాము. కాయిలు నడిమి వైరు దిమ్మెకు పావంగుళం దూరంలో, పొడిగుడ్డ చుట్టి పట్టుకున్నాను. మా అమ్మాయి సెల్ఫు కొట్టింది. టప్, టప్, టప్ - లావుగా, నీలంగా, ఆ ఎండలో కూడా కనిపించే నిప్పురవ్వ! నాన్నగారికి అది కనిపించిందో లేదో తెలియదు. వినిపించింది. ఆయన ముఖం చూస్తే చాలు.

కాని మా అమ్మాయికి సందేహం తీరలేదు. "తాతయ్యా, ఇప్పుడు కూడా చల్లబడినందుకే లేచిందేమో? ఓర్వకల్లు దగ్గరలాగా?"

నాన్నగారు దాని తల మీద చెయ్యి పెట్టారు. నా జీవితంలో నేను ఏ ప్రశ్న అడిగినా ఆయన అంత సంతోషించలేదు. విప్పిన కొత్త కండెన్సరును వేడి ఇంజను దిమ్మె మీద అయిదు నిమిషాలు పెట్టించారు. దీపంతో పరీక్షిస్తే దీపం వెలిగింది. తరువాత తడిగుడ్డలో చుట్టి చల్లార్చి మళ్ళీ పరీక్షించారు. ఆరిపోయింది. దొంగ తన నోటితోనే ఒప్పుకున్నాడు. ఇక సందేహం లేదు.

నాలుగింటికి కదిలాము. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన శిల్పులు దేవుళ్ళను చెక్కుతున్నారు. ఉలి దెబ్బలు మా ఇంజను చప్పుడుకి తాళం వేసినట్టున్నాయి. అహోబిలం దారికి దండం పెట్టి, చాగలమర్రి దాటి, మైదుకూరు చేరాము. దారిలో నాన్నగారు కాలువ కథ చెప్పారు. తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట దగ్గర బయలుదేరి కడప దాకా దాదాపు మూడు వందల కిలోమీటర్లు పారే ఈ కాలువను 1863లో ఒక ఇంగ్లీషు కంపెనీ మొదలుపెట్టి 1870 నాటికి ముగించింది. పడవలు నడిపి లాభాలు గడించాలని కూడా దాని ఆశ. ఆశ ఫలించక 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. "కాలువ తప్పు కాదు, లెక్క తప్పు. ఎక్కడ గండి పడిందో వెదక్కుండా కాలువనే తిట్టారు" అన్నారు. మేము వెళ్ళేనాటికి పిల్లకాలువలు ఎండి, అడుగున మేకలు నడుస్తున్నాయి. కడుపు నిండా నీళ్ళున్నప్పటి మాటలు ఎండిన గట్టున వినడం ఈ సీమలో అలవాటే.

చెన్నూరు దగ్గర పెన్నానది ఇసుక మీద పొద్దు వాలుతోంది. కడప అంటే గడప. తిరుమలేశుని దర్శనానికి పోయేవారికి తొలి గడప. ఆ దేవుని కడప గుడికి ఉగాదినాడు ముసల్మానులు కూడా వచ్చి మొక్కుకుంటారు. బీబీ నాంచారి స్వామి ఇల్లాలు కనుక ఆ వూరు వాళ్ళకి అల్లుడి వూరు. ఈ వూళ్ళోనే 1820లో ఉద్యోగానికి వచ్చిన బ్రౌను దొర తెలుగు పుస్తకాలను వెదికి వెదికి బాగుచేయించాడు. ఆయన బంగళా వున్నచోట ఇప్పుడు గ్రంథాలయం వుంది. చిరిగిన తాటాకును పారేయకుండా, పాఠం పాఠం సరిచూసి ఏది మంచిదో తేల్చిన మనిషి వూరికి, డబ్బా నిండా పాత సామానుతో వెళుతున్నామని నాకు నవ్వు వచ్చింది.

ఆరూ ఇరవైకి విడిది ముందు ఆగాము. మా చెల్లెలు గుమ్మంలోంచి పరుగెత్తుకు వచ్చి ముందు కారు ముక్కు నిమిరింది, తరువాత నాన్నగారి కాళ్ళకి దండం పెట్టింది. పెళ్ళికొడుకు ఎక్కాడు. మేళం కదిలింది. మనిషి నడిచే వేగంతో గంటసేపు, ఇంజను వేడెక్కడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. ఒక్కసారి కూడా దగ్గలేదు. నాన్నగారు ముందు సీట్లో కూర్చుని మేళాన్ని కాక ఇంజన్నే విన్నారు.

మర్నాడు కారం దోసెలు తింటూ నేను ఆ ఓవల్టీను డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఓర్వకల్లు దగ్గర తీసేసిన పాత కాయిలు పారేయబోతే ఆయన వద్దనకముందే నేనే ఆగాను. దీపం పెట్టి చూశాము. వెలిగింది. బిగించి చూశాము. నిప్పురవ్వ వచ్చింది. ఏ పాపం ఎరగదు. "కాయిలు - మంచిది" అని చీటీ రాసి డబ్బాలో పెట్టాము. కొత్త కండెన్సరుకి కూడా చీటీ రాయమన్నారు నాన్నగారు: "చల్లగా వుంటే మంచిది."

మా ఆవిడ ఆ చీటీ చదివి, "ఇది కండెన్సరుకేనా, ఇంట్లో ఇంకెవరికైనా కూడానా?" అంది. నేను దోసె మీద దృష్టి పెట్టాను.